వరుస సంఖ్య పేరు కాదు



పద్యాలను పట్టికలకెక్కించి ‘ఆర్’ అనే గణాంక భాషలో పరిశీలించే ఉత్సాహం మనవారిలో కనబడుతున్నది. సంతోషమే. అయితే "పద్యానికి వేరే గుర్తు ఎందుకు? ఎన్నో వరుసలో ఉన్నదో చెబితే చాలదా?" అనే వాదాన్ని మాత్రం నేను ససేమిరా ఒప్పను.

వేమననే తీసుకోండి. బ్రౌను దొర 1829లో 693 పద్యాలు అచ్చువేయించాడు. 1839 నాటి ముద్రణలో అవి 1164 అయినవి. "వేమన 312వ పద్యం" అంటే ఏ పుస్తకంలోనిది? ఆ సంఖ్య చోటును చెప్పిందే గాని పద్యాన్ని చెప్పలేదు.

బడిపంతుళ్లకు ఇది కొత్త సంగతి కాదు. హాజరుపట్టీలోని రోల్ నంబరు ఏటేటా మారుతుంది. అడ్మిషన్ నంబరు పిల్లవాడు బడి విడిచేదాకా మారదు. టి.సి. మీద ఎక్కేది అదే!

"ఆర్ తానే వరుసలకు పేర్లు పెడుతుంది గదా" అంటారు కొందరు. నిజమే, పెడుతుంది. కాని ‘మెర్జ్’తో రెండు పట్టికలను కలిపితే ఆ పేర్లు పోయి మళ్లీ ఒకటి నుండి కొత్తవి పుడతాయి. ‘టిబుల్’గా మారిస్తే అసలే మిగలవు. అంచున అంటించిన చీటీని నమ్మి ఊరేగేదెట్లా?

"మొదటి పాదమే గుర్తు" అనేవారికి ఒకటే జవాబు: పాఠాంతరం. ఒక్క అక్షరం మారితే అకారాది క్రమంలో పద్యం ఎక్కడికో పోతుంది.

ఇది చాదస్తం కాదు. పద్యాలు ఒక పట్టికలో, తాత్పర్యాలు మరొక పట్టికలో ఉన్నాయనుకోండి. నడుమ ఒక్క పద్యం తీసివేసి, వరుస సంఖ్యతో జతచేస్తే, అక్కడినుండి ప్రతి పద్యానికీ పక్క పద్యపు తాత్పర్యం అంటుకుంటుంది. యంత్రం కిమ్మనదు. వేమన అనని మాట వేమనదై ఊరంతా తిరుగుతుంది.

కనుక పట్టిక చదివిన వెంటనే, క్రమం మార్చకముందే, గుర్తుకొక నిలువు వరుస కేటాయించండి. ‘సీక్-లెన్’తో సంఖ్యలు వేయండి. ఒకటి నుండి వరుసల లెక్కదాకా అని కోలన్‌తో రాస్తే, ఖాళీ పట్టికకు ఒకటి, సున్న అని రెండు సంఖ్యలు వస్తాయి. సంఖ్యకు ముందు ముద్రణ సంవత్సరం చేర్చండి: 1829-0312. తొలగించిన పద్యపు గుర్తును మరొకదానికి ఇవ్వకండి.

వరుసలు మన సౌకర్యం కోసం మారవచ్చు. పద్యం పేరు మారరాదు.