దిగుబడి సగటు ఒక్కటే చాలునా?

ప్రదర్శన క్షేత్రాల నివేదికలలో ప్రధానంగా కనిపించే అంకె సగటు దిగుబడి. రైతు పద్ధతి కంటే అది ఎంత శాతం పెరిగిందో తెలిపి, కొత్త రకాన్ని సిఫార్సు చేయడం ఆనవాయితీ. అయితే అడిగిన ప్రశ్నకు ఇచ్చిన సమాచారం చాలునా అన్న విచారణ గణనకు ముందే జరగాలి. పోటీ పరీక్షలలో దత్తాంశ పర్యాప్తతపై వచ్చే ప్రశ్నలు కోరేది దీనినే. అక్కడ జవాబు కట్టనవసరం లేదు. జవాబును నిర్ణయించడానికి ఆధారాలు సరిపోతాయో లేదో తేల్చాలి. విస్తరణ శాస్త్రవేత్తకు ఈ అభ్యాసం ఎంతో అవసరం.

ఉదాహరణకు, ఒక గ్రామంలో సమాన విస్తీర్ణం గల ఐదుగురు రైతుల పొలాలలో కొత్త వరి రకాన్ని పరీక్షించినట్లు భావించవచ్చు. పాత రకం దిగుబడి ఎకరాకు 22 క్వింటాళ్లు. ఐదుగురిలో ఎక్కువమందికి అంతకు మించి పండిందా అన్నది ప్రశ్న. ఐదు విలువలను ఆరోహణ క్రమంలో పేర్చినప్పుడు మూడవది మధ్యగతం. అది 22ను దాటితేనే జవాబు అవును అవుతుంది.

సగటు 24 క్వింటాళ్లు, వ్యాప్తి 20 క్వింటాళ్లు అని నివేదిక తెలిపిందనుకున్నా జవాబు తేలదు. దిగుబడులు 14, 24, 24, 24, 34 అయితే మధ్యగతం 24. అవే 18, 18, 19, 27, 38 అయితే మధ్యగతం 19 మాత్రమే. రెండింటిలోనూ మొత్తం 120, వ్యాప్తి 20. ఒకే సగటు, ఒకే వ్యాప్తి నుండి పరస్పర విరుద్ధమైన జవాబులు వస్తున్నప్పుడు ఆ సమాచారం చాలదనే చెప్పాలి.

కనిష్ఠ దిగుబడి 20 క్వింటాళ్లని కూడా తెలిస్తే పరిస్థితి మారుతుంది. అప్పుడు గరిష్ఠం 40. మిగిలిన మూడింటి మొత్తం 60. ఏదీ 20కి తగ్గకూడదు కనుక ఆ మూడూ 20 కావలసిందే. జవాబు నిశ్చయంగా తేలింది: కాదు. సగటు పెరిగినట్లు కనిపించినా నలుగురికి పాత రకం కంటే తక్కువే పండింది. సమాచారం చాలడమంటే ఫలితం అనుకూలంగా ఉండడం కాదని విద్యార్థులు గ్రహించాలి. ఇదే నివేదికలో కనిష్ఠం 21 అని ఉంటే ఆ మూడు అంకెలు కలిసి ఉండజాలవు. నమోదులోనే పొరపాటు ఉన్నట్లు బయటపడుతుంది.

కొన్ని సందర్భాలలో తక్కువ సమాచారమే చాలుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ఒక హెక్టారు లోపు గల సన్నకారు కమతాలు సుమారు 68 శాతం. సగానికి పైగా కమతాలు ఒక హెక్టారు లోపే ఉన్నందున మధ్యగతం కూడా అంతకు లోపే ఉంటుంది. దాని కచ్చితమైన విలువ తెలియకపోయినా, సగటు కమతాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందించిన యంత్రం లేదా సేద్య పద్ధతి అధిక సంఖ్యాకులకు సరిపోతుందని భావించరాదని చెప్పడానికి ఇంత చాలు.

సగటు నిరర్థకమని దీని అర్థం కాదు. ధాన్యం సేకరణకు, గిడ్డంగుల ఏర్పాటుకు మొత్తం ఉత్పత్తి తెలియాలి. సగటును విస్తీర్ణంతో గుణిస్తే అది లభిస్తుంది. ఆ ప్రశ్నకు మధ్యగతం పనికిరాదు. వ్యాప్తికీ పరిమితి ఉంది. అది రెండు కొసల విలువలపైనే ఆధారపడుతుంది. క్షేత్రాల సంఖ్య పెరిగేకొద్దీ పెరిగే అవకాశం ఉంది. ఐదు క్షేత్రాల వ్యాప్తిని యాభై క్షేత్రాల వ్యాప్తితో నేరుగా పోల్చడం సమంజసం కాదు.

ప్రామాణిక విచలనం ఇస్తున్నప్పుడు ఇవన్నీ ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. విచలనం చెదురును తెలుపుతుంది కాని, ఎంతమంది రైతులు నష్టపోయారో నేరుగా తెలుపదు. రైతుకు కావలసినది ఆ లెక్కే.

కనుక కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు తమ ప్రదర్శనల నివేదికలలో సగటుతో పాటు మధ్యగతం, కనిష్ఠ, గరిష్ఠ దిగుబడులు, క్షేత్రాల సంఖ్య, పాత పద్ధతిని మించిన రైతుల సంఖ్య తప్పక ఇవ్వాలి. ఇందుకు అదనపు వ్యయం లేదు. ఆ వివరాలు క్షేత్ర పుస్తకంలో ఉన్నవే. గణాంక శాస్త్ర బోధనలోనూ సూత్రాల వినియోగానికి ముందు దత్తాంశం చాలునా అన్న ప్రశ్నకు స్థానం కల్పించాలి. సిఫార్సును నమ్మి విత్తనం కొనే రైతు ఒక్క పొలంలోనే పంట తీస్తాడు. సగటు పొలం ఎవరికీ ఉండదు.