ఆవర్జా మనది, తాళంచెవి ఎవరిది?

జగ్గయ్యపేట, నందిగామ బజార్లలో ఒకప్పుడు గుమాస్తా మానేసినా వ్యాపారం ఆగేది కాదు. చిట్టా, ఆవర్జా కొట్లోనే ఉండేవి. లెక్క తెలిసిన మరో మనిషి వచ్చి, ఆగిన పేజీ నుంచి రాసుకుపోయేవాడు. ఇవాళ కొట్లో కంప్యూటర్ ఉంది. సాఫ్ట్‌వేర్ రాసిచ్చినవాడు ఫోనెత్తకపోతే, ఏడాది రుసుము ఒక్కసారి తప్పితే, ఏళ్ల తరబడి పద్దులు తెరుచుకోకుండా పోవచ్చు. సరుకు మనది, బాకీలు మనవి, తాళంచెవి మాత్రం వేరొకరి మొలలో.

దీన్ని ఇక ఒప్పుకోకూడదు. మిర్చి కమీషన్ కొట్టుకైనా, పత్తి జిన్నింగ్ మిల్లుకైనా, శీతల గిడ్డంగికైనా కొత్తగా రాయించే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ పనిముట్లతోనే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేవాటితోనే, రాయించాలి. మూలకోడ్, డేటా రెండూ డబ్బు కట్టినవాడి చేతికి రావాలి.

చిన్నవాళ్ల బాధే అనుకోవద్దు. 2025 జులైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత, గుజరాత్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. తన డేటానే తనకు అందడం లేదంటూ ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. సేవలు మళ్లీ వచ్చాయి. అంత పెద్ద సంస్థ కోర్టు మెట్లెక్కగలిగింది. నందిగామ విత్తనాల కొట్టు యజమాని ఏ మెట్లెక్కుతాడు?

పనిముట్లకు కొరత లేదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 1991 నుంచి ఉంది. బర్కిలీ విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన పరిశోధన నుంచి వచ్చిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు లైసెన్సు రుసుమే లేదు. గుమాస్తాలు ఇద్దరైనా ఇరవైమందైనా ఖర్చు తలల లెక్కన పెరగదు. ముంబైలో తయారైన ఈఆర్‌పీనెక్స్ట్ ఖాతాలు, సరుకు నిల్వలు చూసుకుంటుంది. దాని కోడ్‌ను జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అంటే ఇక్కడి ప్రోగ్రామర్ అన్నీ సున్నా నుంచి రాయక్కర్లేదు. మిర్చి టిక్కీల తూకం, తేమ తరుగు, రైతుకిచ్చిన అడ్వాన్సు లాంటి మన లెక్కలు మాత్రం రాసి కలిపితే చాలు. కొనేవాడి డబ్బు పోవాల్సింది ఆ పనికే.

ఉచితం కదా, చెడితే ఎవరినడగాలన్నది న్యాయమైన ప్రశ్న. ఓపెన్ సోర్స్ అంటే ఊరికే రావడం కాదు. బాగుచేసేవాడికి కూలి ఇవ్వాల్సిందే. కానీ ఒకడు కాకపోతే మరొకడిని పిలిచే హక్కు మిగులుతుంది. భద్రత మాటా అంతే. 2024లో ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనంలో ఎవరో దొంగదారి పెట్టారు. కోడ్ బయట ఉంది కాబట్టే, వేగం కొంచెం తగ్గిందని అనుమానించిన ఒక ఇంజనీరు దాన్ని పట్టేశాడు. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు; అప్‌డేట్లు వేయని యంత్రం ఏదైనా ప్రమాదమే.

కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని విధానం ప్రకటించింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చింది. కంచికచర్ల, పరిటాల దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. అక్కడి పిల్లల చివరి ఏడాది ప్రాజెక్టు ఎవరూ వాడని నమూనాగా బీరువాలో ఎందుకు పడుండాలి? జగ్గయ్యపేట కొట్టుకు పనికొచ్చే ప్రోగ్రాం ఎందుకు కాకూడదు? కాలేజీలు, వర్తక సంఘాలు కూర్చుని మాట్లాడుకోవాలి.

వ్యాపారులకు ఒక్క మాట. ఆఖరి వాయిదా చెల్లించే ముందు, ఆ కోడ్‌ను, డేటాను మరో ప్రోగ్రామర్ చేత మరో యంత్రం మీద నడిపించి చూడండి. నడవకపోతే ఆ డబ్బు ఇవ్వకండి.