జాతి పేరు కాదు.. గొలుసు పట్టిన చెయ్యి ముఖ్యం

పెంపుడు శునకాలపై ఇరుగుపొరుగు భయం.. కాలనీల్లో కొత్త తగవులు
నిషేధ జాబితాలతో తీరని సమస్య

జల్‌పల్లి, రంగారెడ్డి జిల్లా:

‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న పలక ఒకప్పుడు ఏ దొరగారి గడీకో, పెద్ద ఉద్యోగి బంగళాకో మాత్రమే కనిపించేది. నేడు నగర శివారు కాలనీల్లో అది సర్వసాధారణమైపోయింది. జల్‌పల్లి మొదలుకొని ఇబ్రహీంపట్నం వరకు పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. విసిరేసినట్లున్న ఇళ్లలో చీకటి పడితే దొంగల భయం. ఆ భయంతోనే ఎందరో పెద్ద జాతి శునకాలను తెచ్చుకున్నారు. నాలుగేళ్లు గడిచేసరికి పక్కనున్న ఖాళీ ప్లాటులో మరో ఇల్లు లేచింది. అందులోకి చిన్నపిల్లలున్న కుటుంబం వచ్చింది. నిన్న కాపలాగా ఉన్న కుక్క నేడు తగవుకు కారణమైంది.

ఈ తగవులో తొలి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ‘మీది ఏ జాతి కుక్క?’ పిట్‌బుల్ అనో, రాట్‌వీలర్ అనో సమాధానం వస్తే ఇక రెండో ప్రశ్న ఉండదు. దానికి టీకా వేయించారా, గేటు గడియ సరిగా పడుతోందా, వీధిలోకి తీసుకువచ్చేటప్పుడు గొలుసు ఎవరు పడుతున్నారు అని అడిగేవారు అరుదు. అదే ఇంట్లో ఉన్నది పేరు మోయని జాతి అయితే ఎవరూ పట్టించుకోరు. ఈ రెండు ధోరణులూ ప్రమాదకరమైనవే. ఇటీవలి కాలంలో నగరంలో చోటుచేసుకున్న ఘటనలను పరిశీలిస్తే ఈ విషయం తేటతెల్లమవుతుంది.

మూడు ఘటనలు.. ఒకే పాఠం

2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌లో ఆహార పొట్లం ఇవ్వడానికి వెళ్లిన యువకుడిపైకి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ శునకం దూసుకొచ్చింది. ప్రాణభయంతో పరుగెత్తిన అతడు మూడో అంతస్తు నుంచి కిందపడి, చికిత్స పొందుతూ కొద్ది రోజులకే కన్నుమూశాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో సరుకు అందించేందుకు వెళ్లిన మరో యువకుడు డాబర్‌మన్ శునకానికి భయపడి మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. రెండు ఘటనల్లోనూ యజమానులపై పోలీసులు కేసులు నమోదు చేశారు.

మూడో ఘటన ఇందుకు భిన్నమైనది. 2024 మే 14న రహమత్‌నగర్‌లో హస్కీ జాతి శునకాన్ని పెంచుకుంటున్న ఓ కుటుంబంపై పొరుగువారు కర్రలతో విరుచుకుపడ్డారు. మహిళలని కూడా చూడలేదు. శునకాన్నీ వదలలేదు. కుక్క విషయమై అంతకు ముందు నుంచి రెండు వర్గాల మధ్య నడుస్తున్న గొడవే దీనికి మూలం. సీసీ కెమెరాలో నమోదైన ఆ దృశ్యాలు నగరమంతటా కలకలం రేపాయి. మధురానగర్ పోలీసులు కేసు నమోదు చేసి నిందితులను అరెస్టు చేశారు.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, హస్కీ. కేంద్ర ప్రభుత్వం 2024లో ‘క్రూరమైనవి’గా పేర్కొన్న 23 రకాల జాబితాలో ఈ మూడింటిలో ఏ ఒక్కటీ లేకపోవడం గమనార్హం. ఆ జాబితా అమలులో ఉండి ఉన్నా ఈ మూడు ఘటనల్లో ఒక్కటీ ఆగేది కాదు. మొదటి రెండింటిని ఆపగలిగేది తలుపు తీసే ముందు శునకాన్ని కట్టివేయాలన్న చిన్న జాగ్రత్త. మూడోదాన్ని ఆపగలిగేది ఫిర్యాదును విని పరిష్కరించే కాలనీ పెద్దరికం.

జాబితా వచ్చింది.. కోర్టులో వీగింది

దేశంలో కొన్నిచోట్ల పెంపుడు శునకాల దాడుల్లో ప్రాణాలు పోయిన మాట వాస్తవం. 2022 జులైలో లక్నోలో ఓ వృద్ధురాలు తమ ఇంటి పిట్‌బుల్ దాడిలోనే మరణించారు. ఆ ఏడాది అక్టోబరులో గాజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో జాతుల పెంపకాన్ని నిషేధించాలని తీర్మానించింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ శాఖ రాష్ట్రాలన్నింటికీ లేఖ రాస్తూ 23 రకాల శునకాల దిగుమతి, సంతానోత్పత్తి, విక్రయాలను అడ్డుకోవాలని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలని సూచించింది.

నెల తిరగకముందే ఆ లేఖ న్యాయపరీక్షలో నిలవలేకపోయింది. ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు, అదే నెల 16న ఢిల్లీ హైకోర్టు దానిని కొట్టివేశాయి. సంబంధిత వర్గాల వాదన వినకుండా ఇలాంటి నిర్ణయం తీసుకోవడం తగదన్నది ఆ తీర్పుల సారం. అందరినీ సంప్రదించి కొత్త నిబంధనలు తెచ్చుకునే అవకాశాన్ని మాత్రం కోర్టులు మూసివేయలేదు.

జాబితాలో మరో చిక్కు ఉంది. ‘మాస్టిఫ్‌లు’, ‘టెర్రియర్లు’ అంటూ మొత్తం వర్గాలనే అందులో చేర్చారు. టెర్రియర్లలో ఒడిలో పట్టేంత చిన్నవీ ఉంటాయి. ఇక మన వీధుల్లో పెరిగే శునకాల్లో చాలావాటికి వంశపత్రాలే ఉండవు. రెండు మూడు జాతుల కలయికతో పుట్టిన కుక్కను తల ఆకారం చూసి పిట్‌బుల్ అని నిర్ధారించేదెవరు? చంపదలచిన కుక్కకు పిచ్చిదని పేరు పెట్టినట్లుగా, గిట్టని పొరుగువారి కుక్కకు జాతి ముద్ర వేయడం ఎంతో తేలిక.

జాతి ఎంత చెబుతుంది?

శునకం స్వభావాన్ని జాతే నిర్ణయిస్తుందన్న నమ్మకం బలమైనది. కానీ శాస్త్రం దాన్ని అంతగా సమర్థించడం లేదు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఓ అధ్యయనంలో 18,385 శునకాల ప్రవర్తనపై యజమానుల నుంచి వివరాలు సేకరించారు. ఒక్కో శునకానికీ మధ్య కనిపించే ప్రవర్తన తేడాల్లో జాతి వల్ల వచ్చేది దాదాపు 9 శాతమేనని అందులో తేలింది. ముఖ్యంగా ఎంత తొందరగా రెచ్చిపోతుందన్నది జాతిని బట్టి ఊహించడం కష్టమని పరిశోధకులు చెప్పారు.

ఇతర దేశాల అనుభవమూ గమనించదగినదే. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్ తరహా శునకాలపై నిషేధం తెచ్చింది. కాట్లు తగ్గలేదని గుర్తించి 2008లో దాన్ని ఎత్తివేసింది. బ్రిటన్ 1991లో నాలుగు జాతులను నిషేధించింది. అయినా సమస్య సమసిపోక ‘ఎక్స్‌ఎల్ బుల్లీ’ అనే మరో రకాన్ని చేర్చి, 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో మినహాయింపు పత్రం లేకుండా దానిని ఉంచుకోవడం నేరమని ప్రకటించాల్సి వచ్చింది. ఒక పేరును నిషేధిస్తే దుడుకు కుక్క కావాలనుకునేవారు మరో పేరును వెతుక్కుంటారు.

అంత దూరం వెళ్లనక్కరలేదు. ఇదే రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇస్తారు. బంజారాహిల్స్‌లో ఓ యువకుడు చూసి పరుగెత్తిన జర్మన్ షెపర్డ్ జాతి కుక్కే పోలీసు చేతి గొలుసుతో వీధిలోకి వస్తే జనం గౌరవంగా దారి ఇస్తారు, పిల్లలు ముచ్చటగా చూస్తారు. జాతి మారలేదు. మారింది శిక్షణ, దాన్ని పట్టుకున్న చెయ్యి.

భయాన్ని తేలిక చేయరాదు

అలాగని పొరుగువారి భయాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం యజమానులు చేసే పెద్ద పొరపాటు. ‘మా కుక్క ఏమీ చేయదండీ’ అన్న మాట గేటు లోపల ఉన్నవారికి ధైర్యమే గానీ, బయట నిల్చున్నవారికి కాదు. స్వభావం సంగతి ఎలా ఉన్నా బలం సంగతి వేరు. నలభై కిలోల శునకం ఒక్కసారి కరిస్తే జరిగే నష్టం ఐదు కిలోల కుక్క కాటుతో పోల్చదగినది కాదు. కాబట్టి పెద్ద శునకాన్ని పెంచేవారి బాధ్యత కూడా అంతే పెద్దది.

ఇంకో విషయాన్ని విస్మరించరాదు. కాలనీ తగవుల్లో గొంతు వినిపించేది ఇంటి యజమానులదే. అసలు ముప్పు ఎక్కువగా ఎదుర్కొనేది మాత్రం సరుకులు, ఆహారం తెచ్చే కుర్రాళ్లు, పాచి పనికి వచ్చే మహిళలు, గ్యాస్ బండ మోసేవారు, కరెంటు మీటరు చూసేవారు. రోజుకు పదుల కొద్దీ గేట్లు తట్టే వీరికి ఏ తలుపు వెనుక ఏముందో తెలియదు. గాయపడితే కూలి పోతుంది. కాలనీ సంఘం సమావేశంలో వారికి కుర్చీ ఉండదు. శునకం గురించి ఏ నియమం చేసినా ముందుగా వీరిని తలచుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

చట్టం ఇద్దరికీ ఉంది

చట్టం అటు యజమానినీ, ఇటు పొరుగువారినీ కట్టడి చేస్తోంది. తన వద్దనున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు లేకుండా జాగ్రత్త పడకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5,000 వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. మరోవైపు జంతువును చంపినా, విషం పెట్టినా, అంగవైకల్యం కలిగించినా 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ‘ఊరి మేలు కోసమే చేశాం’ అన్న సమర్థన చట్టం ముందు చెల్లదు.

కాలనీ, అపార్ట్‌మెంట్ సంఘాలకు భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు జంతువులను నిషేధించే అధికారం సంఘానికి లేదని, చిన్న కుక్కలకు అనుమతి, పెద్దవాటికి నిషేధం అంటూ తేడా చూపరాదని అందులో స్పష్టం చేసింది. అదే సమయంలో యజమానులు టీకాలు వేయించాలని, బహిరంగ ప్రదేశాల్లో శునకాన్ని గొలుసుతోనే తిప్పాలని, పరిసరాలు శుభ్రంగా ఉంచాలని సూచించింది.

పురపాలికగా ఉన్న జల్‌పల్లి 2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీలో విలీనమై మహానగర పాలన పరిధిలోకి వచ్చింది. మహానగరంలో పెంపుడు శునకానికి లైసెన్సు తీసుకోవడం తప్పనిసరి. ఇంతకాలం ఊరి పద్ధతిలో కుక్కలను పెంచుకున్న శివారు వాసులకు ఇది కొత్త అనిపించవచ్చు. అయితే చేతిలో లైసెన్సు, టీకా పత్రం ఉన్న యజమానికి పొరుగువారి ముందు మాట చెల్లుబాటు అవుతుంది.

ఏం చేయాలి?

భయం వాదనతో పోదు, నడవడితో పోతుంది. యజమానులు ముందుగా గేటు గడియను, ప్రహరీ ఎత్తును సరిచూసుకోవాలి. పిలుపు గంటను గేటు బయటే అమర్చాలి. ఎవరు వచ్చినా శునకాన్ని కట్టివేసిన తరువాతే తలుపు తీయాలి. వీధిలోకి తెచ్చేటప్పుడు దాని బలాన్ని ఆపగల పెద్దవారే గొలుసు పట్టాలి. పదేళ్ల పిల్లవాడి చేతికి గొలుసు ఇచ్చి పంపడం కుక్కను విడిచిపెట్టడంతో సమానం. రద్దీ చోట్ల, లిఫ్టులో మూతికి చిక్కం తొడిగితే పొరుగువారి గుండె కుదుటపడుతుంది. ఎద్దుకు చిక్కం కట్టడం మన రైతులకు కొత్త కాదు గదా!

కుక్కపిల్లకు మూడు నుంచి పద్నాలుగు వారాల వయసులో కొత్త మనుషులను, చప్పుళ్లను అలవాటు చేస్తే పెద్దయ్యాక బెదురు తగ్గుతుందని పశువైద్యులు చెబుతారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపై ఏటా మరో మోతాదు వేయించాలి. పగలంతా గొలుసుకు కట్టి, కాపలా కోసమని రెచ్చగొట్టి పెంచిన కుక్క ఏ జాతిదైనా ప్రమాదకారే.

ఇక పొరుగువారు శునకం ఎదురైతే పరుగెత్తకుండా, కళ్లలోకి సూటిగా చూడకుండా నిలబడి, అది శాంతించాక నెమ్మదిగా తప్పుకోవాలి. గేటు లోపలి కుక్కపై రాళ్లు వేయకుండా పిల్లలకు నేర్పాలి. ఫిర్యాదు చేయాల్సి వస్తే జాతి గురించి కాకుండా జరిగిన దాని గురించి చేయాలి. ఫలానా తేదీన గొలుసు లేకుండా వీధిలోకి వచ్చింది, ఫలానా వ్యక్తి మీదికి దూకింది అని రాతపూర్వకంగా ఇస్తే సంఘానికైనా, అధికారులకైనా చర్య తీసుకునే ఆధారం దొరుకుతుంది. ‘పిట్‌బుల్ ఉంది, పంపించేయండి’ అన్న ఫిర్యాదుకు ఆ బలం ఉండదు. దురదృష్టవశాత్తూ కాటు పడితే ఏ జాతి అని ఆరా తీస్తూ కూర్చోకుండా గాయాన్ని పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

కాలనీ సంఘాలు చేయదగిన పని ఒకటుంది. ఏ ఇంట్లో శునకం ఉంది, దానికి టీకా ఎప్పుడు వేయించారు, యజమాని ఫోన్ నంబరు ఏమిటి అన్న వివరాలతో ఓ పుస్తకం నిర్వహించాలి. గొలుసు, గేటు, శుభ్రతలపై నియమాలు నాటు కుక్కకూ, ఖరీదైన జాతికీ ఒకే తీరున వర్తింపజేయాలి. తగవు ముదరకముందే ఇరువర్గాలను కూర్చోబెట్టి మాట్లాడాలి. రహమత్‌నగర్‌లో కర్రలు లేవడానికి ముందు అలాంటి ప్రయత్నం ఫలించి ఉంటే ఓ కుటుంబం ఆసుపత్రి పాలయ్యేది కాదు, మరికొందరు కేసుల పాలయ్యేవారు కాదు.

శివారు కాలనీలు ఇంకా రూపుదిద్దుకుంటూనే ఉన్నాయి. పక్క ప్లాటులోకి వచ్చేవారు ఎవరో, వారి గుమ్మంలో ఏ శునకం ఉంటుందో ముందుగా ఎవరూ ఎంచుకోలేరు. గేటు గడియ పడిందా, గొలుసు చేతిలో ఉందా అని చూసుకోవడం మాత్రం ప్రతి యజమాని చేతిలో పనే. పొరుగువారు అడగవలసిందీ ఆ ప్రశ్నే.