కౌన్సిల్ లేకుంటే పైసా రాదు

ఆరోగ్య రంగంపై మన చర్చ ఎటు తిరిగినా చివరికి ప్యాకేజీ దగ్గరే ఆగుతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 5 లక్షలా, 10 లక్షలా, నెట్‌వర్క్ ఆసుపత్రులకు బకాయిలెన్ని, ఏ పార్టీ ఎంత పెంచింది? రాత్రయితే టీవీల్లో సాగే వాగ్వాదమంతా ఇదే. ఆ డబ్బు దేనికి ఖర్చు కావాలో తేల్చే గదిలో రోగికి కుర్చీ ఉందా అని అడిగేవారే కరువు. చాలాచోట్ల లేదు. ఉన్నచోట అది అలంకారమే.

బ్రెజిల్ ఈ సంగతిని 1990లోనే చట్టంతో తేల్చేసింది. ఆరోగ్యం ప్రజల హక్కని, ప్రభుత్వ బాధ్యతని 1988 నాటి రాజ్యాంగం ప్రకటించాక, దాని వెనకే వచ్చిన 8142 నంబరు చట్టం పట్టణం నుంచి దేశస్థాయి దాకా ఆరోగ్య కౌన్సిళ్లు పెట్టమంది. వాటిలో సగం సీట్లు వైద్యసేవలు వాడుకునేవారివే. డాక్టర్లు, సిబ్బంది, అధికారులు, ఆసుపత్రుల ప్రతినిధులు అందరూ మిగతా సగంలో సర్దుకోవాలి. ఇంతవరకే అయితే అవీ మన కమిటీల్లాగే గోడమీద బోర్డులుగా మిగిలేవి. అసలు కీలకం నాలుగో సెక్షన్‌లో ఉంది: కౌన్సిల్ లేకుంటే కేంద్రం ఇచ్చే ఆరోగ్య నిధులు ఆ మునిసిపాలిటీ చేతికి రావు. అంటే మేయర్‌కు ప్రజలమీద ప్రేమ ఉన్నా లేకున్నా, వాళ్లను పిలిచి కూర్చోబెట్టక తప్పదు.

మన దగ్గర? 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఊరికో ఆరోగ్య కమిటీ, ఆసుపత్రికో రోగి కళ్యాణ్ సమితి అన్నారు. అన్నీ మార్గదర్శకాలతో పుట్టినవే. ఏడాదిపాటు సమావేశం జరక్కపోయినా ఏ బిల్లూ ఆగదు, ఎవరి జీతమూ ఆగదు.

2007లో ఆ మిషన్ కిందే, ఆసుపత్రుల పనితీరును ప్రజలే పర్యవేక్షించే ప్రయోగాన్ని 9 రాష్ట్రాల్లో మొదలుపెట్టారు. మహారాష్ట్రలో ఊరివాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మార్కులు వేశారు, బహిరంగ విచారణలో డాక్టర్లను, అధికారులను ఎదురుగా నిలబెట్టి అడిగారు. ఆ తొమ్మిదింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదు. సరిగ్గా అదే ఏడాది ఇక్కడ ముఖ్యమంత్రి అధ్యక్షుడిగా ఉన్న ట్రస్టు చేతుల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. మనం ఎటువైపు నడిచామో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చిత్రమేమిటంటే, ఉపాధి హామీ పనుల్లో మస్టర్లను ఊరందరి ముందు చదివి వినిపించే సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా అమలుచేసి దేశానికి దారి చూపింది ఈ ఉమ్మడి రాష్ట్రమే. గడ్డపార పట్టిన కూలీ రోజుల లెక్క నిలదీయగలిగాడు. అదే కూలీ జ్వరమొచ్చి పీహెచ్‌సీకి వెళితే, మందుల స్టాకు రిజిస్టర్ మాత్రం అతని కంట పడకూడదు!

బ్రెజిల్ కౌన్సిళ్లు అన్నీ సక్రమంగా ఉన్నాయని కాదు. చాలాచోట్ల మేయర్ల అనుచరులే దూరారు, కొన్ని కాగితాలమీదే బతుకుతున్నాయి. అయితే 2019 సంగతి చూడండి. అధ్యక్షుడు బొల్సొనారో ఒక్క డిక్రీతో రకరకాల ప్రజా కౌన్సిళ్లను ఎత్తేయబోతే, చట్టంలో ఉన్నవాటిని డిక్రీతో తీసేయడం కుదరదని అక్కడి సుప్రీంకోర్టు అడ్డుకుంది. రోగి కళ్యాణ్ సమితులకే మన దగ్గరి పేరైన ఆసుపత్రి అభివృద్ధి సంఘాల గతి మార్చడానికి ఒక్క జీవో చాలు. ప్రభుత్వం మారితే సభ్యులు మారతారు, అంతే.

'జనానికి వైద్యం ఏం తెలుసు' అనే పెద్దమనుషులూ ఉన్నారు. ఆపరేషన్ ఎలా చేయాలో చెప్పమని ఎవరూ జనాన్ని అడగడం లేదు. డాక్టర్ ఎన్ని రోజులు వచ్చాడు, పాముకాటు మందు ఉందా, మందులు బయట కొనమని చీటీ ఎందుకు రాస్తున్నారు? వీటికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. ఈ ప్రశ్నలు వినడం ఇష్టంలేకే పెద్దమనుషులు వైద్యశాస్త్రాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు.

ఢిల్లీమీద నెపం వేయడానికీ వీల్లేదు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోనివి. 73వ సవరణ తెచ్చిన పదకొండో షెడ్యూల్ ఆసుపత్రులను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాల్లో పేరుపెట్టి మరీ చేర్చింది. అమరావతిలోనో హైదరాబాద్‌లోనో రెండు వాక్యాల సెక్షన్ రాస్తే సరిపోతుంది: ప్రతి ఆసుపత్రి సంఘంలో సగం సీట్లు రోగులవి, ఆ సంఘం కూర్చుని లెక్కలు చూడందే మరుసటి విడత నిధులు కదలవు. లక్షల పరిమితిని పోటీపడి పెంచిన నాయకులు ఈ రెండు వాక్యాలకు ఎందుకు వెనకాడుతున్నారో సభలోనే చెప్పాలి.