ముందు మసూఢే, తర్వాతే క్లిప్పులు



మన ఇళ్లలో నలభై దాటిన ఖాలాకు ముందు పళ్ల మధ్య సందు పడితే "ఉమర్ అయిపోయింది" అంటారు. పన్ను కదిలితే పీకించి, సబర్ చేయమంటారు. ఇది సబర్ కాదు, గఫ్లత్.

ఒక్క ఉమర్ వల్లే పళ్లు ఊడవు. పంటి మీది పాచి గట్టిపడి గార అవుతుంది. మసూఢే, అంటే చిగుళ్లు, వాచి నెత్తురు కారుతాయి. లోపల పంటిని పట్టుకున్న ఎముక మెల్లగా కరిగిపోతుంది. పట్టు తప్పిన పన్ను ముందుకు జరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు, బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఖతరా ఎక్కువ.

దీనికి ఇలాజ్ ఉంది. కానీ ఇద్దరు డాక్టర్లు కలిసి చేయాలి. ముందు చిగుళ్ల డాక్టర్ వేర్ల దాకా గార తీసి వాపు తగ్గించాలి. అప్పటికీ లోతైన గుంటలు మిగిలితే చిగురు తెరిచి శుభ్రం చేసి, వీలైన చోట ఎముక పొడి నింపుతారు. వాపు అదుపులోకి వచ్చాకే క్లిప్పుల డాక్టర్ తేలికపాటి ఒత్తిడితో పన్నును వెనక్కి తేవాలి. యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే తర్తీబ్. పోయిన ఎముక పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అయినా చాలా పళ్లను నిలబెట్టుకోవచ్చు.

తర్తీబ్ తప్పితే నుక్సాన్. వాచిన చిగుళ్ల మీద క్లిప్పులు వేస్తే ఎముక ఇంకా త్వరగా కరుగుతుంది. రిష్తా కుదిరింది, నికాహ్‌లోగా పళ్లు సర్దండి అని తొందరపెట్టే అమ్మీ అబ్బాలు ముందు అడగాల్సిన సవాల్ ఒకటే: "మసూఢే చూశారా, ఎక్స్‌రే తీశారా?"

మిస్వాక్ చేస్తున్నాం కదా అంటారు కొందరు. మిస్వాక్ సున్నత్, పాచినీ తీస్తుంది. గట్టిపడిన గారను మాత్రం డాక్టరే తీయాలి.

ఇక ఇన్సాఫ్ మాట. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఖుషీ. కానీ పేదవాళ్లకు ఈ జోడీ ఇలాజ్ కావాలంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. భూపాలపల్లి నుంచి అది 200 కిలోమీటర్ల పైనే, రైలు కూడా లేదు. క్లిప్పులు వేశాక నెలకోసారైనా వెళ్లాలి. బస్సు కిరాయి, పోయిన కూలి లెక్కేసుకున్న మనిషి పన్ను పీకించుకోక ఏం చేస్తాడు?

అందుకే నా ముతాలబా: ఈ మూడు జిల్లా ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు చిగుళ్ల డాక్టర్, క్లిప్పుల డాక్టర్ ఒకే చోట కూర్చోవాలి. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు కలెక్టర్‌కు దర్ఖాస్తు ఇవ్వాలి.

అంతలోపు మన పని మనం చేద్దాం. వుజూలో కుల్లీ చేసినప్పుడు నీళ్లలో నెత్తురు కనిపిస్తే, నొప్పి లేదని ఊరుకోకండి. ఆ వారమే డాక్టర్‌కు చూపించండి.