ఏ కాగితం కావాలో చెప్పేదెవరు?

'తగిన ఆధారాలు జతపరచనందున దరఖాస్తును తిరస్కరించడమైనది'... ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు బాగా తెలిసిన వాక్యమిది. ఆ 'తగిన ఆధారాలు' ఏమిటో ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండును! అమెరికాలో మాజీ సైనికుల విషయంలో అలా చెప్పడం అధికారుల దయ కాదు, చట్టం విధించిన బాధ్యత.

సైన్యంలో ఉండగా గాయపడి, జబ్బుపడి వైకల్యం పాలైనవారికి అక్కడి మాజీ సైనికుల శాఖ నెలనెలా పరిహారం ఇస్తుంది. అందుకు మామూలుగా మూడు విషయాలు రుజువు కావాలి. ఇప్పుడు వైకల్యం ఉండాలి. సర్వీసులో అందుకు కారణమనదగ్గ ఘటనో, జబ్బో ఉండాలి. ఆ రెంటికీ సంబంధం ఉందని తేలాలి. చిక్కంతా ఈ మూడో మెట్టు దగ్గరే. చెవుడుందని సర్టిఫికెట్ తెస్తారు, ఫిరంగుల దగ్గర పనిచేశామంటారు. ఆ మోతకూ ఈ చెవుడుకూ ఉన్న సంబంధాన్ని డాక్టరు రాసివ్వాలన్న సంగతి ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

1999లో ఓ కోర్టు తీర్పు వాళ్ల కష్టాన్ని పెంచింది. క్లెయిములో పస ఉందని దరఖాస్తుదారు ముందుగా చూపితేనే శాఖ సాయం చేయాలంది. దాంతో అమెరికా కాంగ్రెస్ 2000లో కొత్త చట్టం తెచ్చి ఆ అడ్డంకిని తీసేసింది. ఇంకా ఏ సమాచారం, ఏ ఆధారం కావాలో శాఖ నోటీసు ద్వారా తెలపాలి. వాటిలో దరఖాస్తుదారు తేవాల్సినవేవో, శాఖ తెప్పించేందుకు ప్రయత్నించేవేవో విడదీసి చెప్పాలి. వైద్య పత్రాలే కాదు... తోటి సైనికులు, ఇంట్లోవాళ్లు తాము చూసింది రాసిచ్చినా ఆధారమే.

మరి నోటీసులోనే లోపముంటే?

ఇదే ప్రశ్న 2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1944లో తన ముఖం దగ్గర బజూకా పేలి ఓ కంటి చూపు పోయిందన్నది ఒక రెండో ప్రపంచ యుద్ధ సైనికుడి క్లెయిము. నోటీసులో లోపముంటే నష్టం జరిగినట్టే భావించాలనీ, జరగలేదని శాఖే చూపాలనీ కింది కోర్టు అంది. సుప్రీంకోర్టు 6-3 తేడాతో కాదంది. ఆ లోపం వల్ల తనకేం నష్టం జరిగిందో దరఖాస్తుదారే చెప్పాలంది. తప్పు చేసిన శాఖ మీదే ఆ బరువు ఉండాలన్నది మిగతా ముగ్గురు న్యాయమూర్తుల మాట.

అంటే 'నోటీసు సరిగ్గా లేదు' అంటే చాలదు. సరిగ్గా ఉంటే ఏ ఆధారం తెచ్చేవారో, దాంతో ఫలితం ఎలా మారేదో చూపాలి. అందుకే వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చదవాలి, దాచాలి.

2017లో చేసిన మరో చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం తిరస్కరణ ఉత్తరంలోనూ వివరాలుండాలి. ఏ ఆధారాలు చూశారు, ఏవి అనుకూలంగా తేలాయి, ఏది రుజువు కాలేదు... అన్నీ రాయాలి. ఆపైన ఏడాదిలోగా మూడు దారులున్నాయి: కొత్త ఆధారంతో మళ్లీ అడగడం, పై అధికారితో పరిశీలన చేయించుకోవడం, అప్పీళ్ల బోర్డుకు వెళ్లడం. బోర్డూ కాదంటే మాజీ సైనికుల కోర్టు తలుపు తట్టడానికి గడువు 120 రోజులు.

రుజువు కానిదేమిటో ఆ ఉత్తరంలోనే ఉంటుంది. తరవాత ఏ కాగితం సంపాదించాలో చెప్పేది ఆ ఒక్క వాక్యమే.