మరల చదువదగిన పుస్తకములు

గత వేసవి సెలవులలో మా యింటి అటకమీది ట్రంకుపెట్టెను దింపి తెరచితిని. అందు నా బాల్యమునాటి పుస్తకములు కొన్ని యుండెను. కొన్నిటి అట్టలను చెదలు తినివేసినవి. కొన్నిటి పుటలు ముట్టినంతనే విరుగుచుండెను. ఎండ బెట్టుటకై వానిని వెలికి దీసి, ఒకటి తెరచి, ప్రొద్దు క్రుంకువరకు లేవలేకపోతిని. మా కుమారుడు చూచి, “చదివిన పుస్తకమునే మరల చదువుట ఎందులకు?” అని యడిగెను. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింప గోరుచున్నాను.

మొదట చేతికి దొరకినది 1853లో వెలువడిన చిన్నయసూరిగారి నీతిచంద్రిక. మిత్రలాభములోని పావురముల కథను మీరెరుగుదురు. చిన్ననాడు ఆ పక్షులన్నియు వలతో గూడ ఎగిరిపోవుట చదివి చప్పట్లు కొట్టితిని. ఇప్పుడు నా చూపు నిలిచిన చోటు వేరు. ఎలుక తన కట్లు కొరుకవచ్చినప్పుడు చిత్రగ్రీవుడు తన్ను నమ్మినవారి కట్లను ముందుగా తెంపుమని కోరును. ఇంటి భారము మోయువాడనగుటచే ఆ మాట నా మనస్సునకు నాటినది. కథ మారలేదు; నేను మారితిని.

రెండవది వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము. గోల్డుస్మితు అను ఆంగ్లరచయిత నవల దీనికి ప్రేరణము. 1880లో పుస్తకరూపమున వచ్చినది. బంగారము చేసెదనని నమ్మించిన బైరాగిని గూర్చి చదివి బాల్యమున కడుపుబ్బ నవ్వితిని. ఈసారి నవ్వు రాలేదు. కొలది నెలలలో సొమ్ము రెట్టింపు చేసెదమను వారిని నమ్మి ఉన్నది పోగొట్టుకొనిన కుటుంబములను ఇప్పుడు నేనెరుగుదును.

మూడవది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఆయన 1830 మే నెలలో మద్రాసు విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. కథ లేదని నేను నాడు మూలకు పడవైచిన పుస్తకమిది. నేడు ఆ దారులును, మజిలీలును, ఊరూరి జనుల నడవడియు చదువుచుండ, నాకంటె మంచి కథ మరియొకటి లేదనిపించినది.

అయితే అన్నియు ఇట్లుండవు. ఒకప్పుడు దీపము చాటున రాత్రులు మేల్కొని చదివిన అపరాధపరిశోధక నవలను ఈసారి పది పుటలు దాటలేకపోతిని. ఐనను దానిని నిందింపను. వేగముగా చదువుట నాకు నేర్పినది అదియే. కావున, తలిదండ్రులారా, పిల్లల చేతినుండి అట్టి పుస్తకములను లాగికొనకుడు. వాని ప్రక్కన మంచి పుస్తకమొకటి యుంచుడు. పరీక్షలకు తీరిక చాలదందురు. ఫోనునకు చిక్కు తీరికలో అరగంట దీనికి చాలును.

మన పూర్వులకు తెలుగు పుస్తకము సులభముగా దొరకెడిది కాదు. నిజాము పాలనలో సర్కారు ఉన్నతపాఠశాలలందు బోధన ఉర్దూలో సాగెడిది. అట్టి కాలమున, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు తెలుగు చదువగోరువారికి అండయైనవి. వారు వెదకి సంపాదించుకొనినదానిని మనము అటకమీద చెదలకు వదలుట న్యాయమా?

చిన్న తరగతులవారు నీతిచంద్రికను పెద్దల సాయముతో చదువవలెను. పై తరగతులవారు అడవి బాపిరాజుగారి గోన గన్నారెడ్డిని చదివి, పిమ్మట ఓరుగల్లు కోటకు పోయి చూడవలెను. రుద్రమదేవి కాలపు రాళ్లు అప్పుడు మూగగా నుండవు. పెద్దలకు సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘికచరిత్రను సూచించెదను. 1949లో వెలువడిన ఈ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది; రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటలే ఇందు ముఖ్యము.

నా పెట్టెలో చెదల పాలుగాక మిగిలినవానిని పాఠశాల గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. తక్కినవారును అట్లే చేయుదురుగాక. నీతిచంద్రికను మాత్రము ఇప్పుడే ఈయజాలను. మా కుమారుడు దానిని చదువుచున్నాడు. పావురములు ఇంకను వలలోనే యున్నవట.